సుందరయ్య గారి పుస్తకాల ఇల్లు

2013లో రెండు పండుగలు ఒక్కసారే వచ్చాయి. 1913 మే 1న పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారికి నూరేళ్లు. 1988లో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో మొదలైన సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి పాతికేళ్లు. ప్రత్యేక సంచికకు కేంద్రం చరిత్ర రాయమని అడిగినప్పుడు 1988 నుంచి మొదలుపెట్టడం నాకు సబబుగా తోచలేదు. ఈ సంస్థకు పునాది సుందరయ్య గారి సొంత పుస్తకాలు. అవి ఎందుకు పోగయ్యాయో, వాటితో ఆయన ఏం పని చేశారో చెప్పకుండా ఈ భవనం గురించి ఎంత రాసినా సగమే అవుతుంది. తెలుగునాట నాయకుల పేరు పెట్టిన కాలనీలు, కూడళ్లు, విగ్రహాలు లెక్కలేనన్ని. ఒక నాయకుడు చదివిన పుస్తకాలే సంస్థగా నిలబడటం మాత్రం అరుదు.

ఆయన ఊరు నెల్లూరు జిల్లా అలగానిపాడు. కుటుంబం భూమి గలది. తండ్రి చిన్నతనంలోనే పోయారు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతూ 1930లో, పదిహేడేళ్ల వయసులో, చదువు వదిలిపెట్టి సత్యాగ్రహంలోకి దిగారు. అరెస్టయ్యాక, వయసు చాలనందున మైనర్లను ఉంచే బోర్స్టల్‌లో పెట్టారు. విడుదలయ్యాక ఆయన చేసిన పని చూస్తే ఆ మనిషి తత్వం తెలుస్తుంది. పట్నంలో ఉపన్యాసాలు ఇవ్వడానికి పోలేదు. సొంత ఊరికి వెళ్లి, తన బంధువుల పొలాల్లో పనిచేసే కూలీలనే సంఘంగా కూడగట్టారు. దళితులను ఊరి బావి దగ్గరికి రానివ్వాలని అయినవాళ్లతోనే తలపడ్డారు. సుందరరామిరెడ్డి అన్న పేరులోంచి కులం తీసేసి సుందరయ్యగా మిగిలారు. పరాయివాళ్ల మీద తిరగబడటం కంటే పక్కింటి పెదనాన్న మీద తిరగబడటం ఎంత కష్టమో పల్లెలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కమ్యూనిస్టుల మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన మీరట్ కుట్ర కేసులో నిందితుడై, మద్రాసులో రహస్యంగా పనిచేస్తున్న అమీర్ హైదర్‌ఖాన్ ఆయన్ను కమ్యూనిస్టు ఉద్యమంలోకి తెచ్చారు. ఆ తరువాతి పదేళ్ల కథ తెలిసిందే. ఆంధ్రలో పార్టీ నిర్మాణం, 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు సంయుక్త కార్యదర్శి బాధ్యత, కేరళకు వెళ్లి కృష్ణపిళ్లై, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ వంటివారిని పార్టీ వైపు తిప్పడం. వాటా కింద వచ్చిన ఆస్తిని అమ్మి ఉద్యమానికి ఇచ్చేశారు. 1943లో లీల గారిని పెళ్లి చేసుకున్నారు. పూర్తి కాలం ప్రజల పనికే ఇవ్వాలని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. ఆస్తి లేదు, సంతానం లేదు. ఆయన వెనక మిగిలినవి పుస్తకాలూ కాగితాలే.

ఆ కాగితాల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

సుందరయ్య గారిని తలచుకోగానే అందరికీ గుర్తొచ్చేది సైకిలు. 1952లో రాజ్యసభకు ఎన్నికై, కమ్యూనిస్టు సభ్యుల నాయకుడిగా ఢిల్లీ వెళ్లి, పార్లమెంటు భవనానికి సైకిలు మీద వచ్చిన మనిషి. నిరాడంబరతకు ఆ కథ చెప్పుకుంటాం, అది నిజమే కూడా. అయితే ఆ సైకిలు క్యారియరుకు కట్టిన కాగితాల కట్ట గురించి మనం చెప్పుకునేది తక్కువ. నా దృష్టిలో అసలు సంగతి అదే. ఏ జిల్లాలో ఎంత భూమి సాగవుతోంది, ఎంతకు నీరు అందుతోంది, ఆ భూమి ఎంతమంది చేతుల్లో ఉంది, కూలి రేటు ఎంత. ఇవన్నీ చేతిలో పెట్టుకోకుండా ఆయన సభలో నిలబడేవారు కారు. కృష్ణా, గోదావరి నీళ్ల వాడకం మీద ఆయన రాసినవి చదివితే, ఇది ప్రతిపక్షంలో ఉన్న నాయకుడి విమర్శా, నీటిపారుదల శాఖలో పనిచేసే ఇంజనీరు ప్రణాళికా అన్న సందేహం వస్తుంది.

1946లో వెలువడిన ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ కూడా ఆ కోవలోదే. తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రంగా ఉండాలన్న కోరిక అప్పటికి చాలామందికి ఉంది. ఆ కోరికను నదులు, భూములు, గనులు, పరిశ్రమల భాషలోకి తెచ్చి, ఆ రాష్ట్రంలో రైతుకూ కూలీకీ దక్కేదేమిటని అడిగిన చిన్న పుస్తకమది. 2013లో రాష్ట్ర విభజన మాట గట్టిగా నడిచిన వేళ ఆ పుస్తకాన్ని కొందరు మెచ్చుకుంటూ, కొందరు తప్పుపడుతూ మళ్లీ తెరిచారు. ఆయన పార్టీ అప్పుడు కూడా రాష్ట్రం కలిసి ఉండాలనే అంది. ఆయన పేరున్న ఈ భవనంలో ప్రత్యేక తెలంగాణ కోరే సభలు కూడా జరిగాయి. ఈ కేంద్రం తొలి పాతికేళ్లలో సంపాదించుకున్న గౌరవంలో పెద్ద పాలు అక్కడినుంచే వచ్చిందని నేను నమ్ముతాను. తనతో విభేదించేవాళ్లకు తన ఇంట్లోనే చోటు దొరికితే సుందరయ్య గారు కాదనేవారు కారు. వాళ్ల వాదనకు ఆధారాలు మాత్రం అడిగేవారు.

నిజాం రాజ్యంలో భూస్వాముల మీద సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఆయన నాయకుల్లో ఒకరు. 1948 నుంచి 1952 దాకా అజ్ఞాతంలో గడిపారు. పోరాటం ముగిసిన ఇరవై ఏళ్లకు, 1972లో, ఆ పోరాట చరిత్రను గుణపాఠాలతో సహా ఇంగ్లీషులో పెద్ద గ్రంథంగా తెచ్చారు. దాదాపు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయనీ, 10 లక్షల ఎకరాలు పంచారనీ, 4,000 మంది దాకా ప్రాణాలు కోల్పోయారనీ ఈ రోజు మనం వేదికల మీద చెప్పే అంకెలు ఆ పుస్తకం ద్వారా వచ్చినవే. దానిలో నన్ను కట్టిపడేసేది అంకెలు కాదు, ఊళ్ల పేర్లు. తాలూకా తరువాత తాలూకా, ఏ ఊళ్లో ఏ దళం ఉంది, ఎవరు పట్టుబడ్డారు, ఎవరిని ఎక్కడ కాల్చారు అన్నది ఓపికగా చెప్పుకుంటూ పోతారు. కథనం చాలాచోట్ల కుంటుపడుతుంది. చదివించే గుణం కోసం ఒక్క పేరును కూడా వదులుకోవడానికి ఆయన ఇష్టపడలేదు. చరిత్రకారులు ఆ పుస్తకంతో వాదిస్తారు, వాదించాలి కూడా. కానీ దాన్ని పక్కనపెట్టి ఆ పోరాటం గురించి రాయడం ఎవరివల్లా కాదు.

శాసనసభ జీవితం గురించి క్లుప్తంగా చెబుతాను. 1955 మధ్యంతర ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రంలో కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 196లో 15. ఆ కొద్దిమందిలో గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య గారు ఒకరు. 1967 దాకా శాసనసభలో ఉన్నారు, మళ్లీ 1978లో గన్నవరమే ఆయన్ను పంపింది. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐ(ఎం)కు ప్రధాన కార్యదర్శి అయ్యారు. పన్నెండేళ్ల తరువాత, ఎమర్జెన్సీ కాలంలో, పార్టీ పోతున్న దారితో విభేదించి ఆ పదవి వదులుకున్నారు. కారణాలను వివరంగా రాసి మరీ తప్పుకున్నారు. ఆ లేఖ తరువాతి కాలంలో పుస్తకంగా వచ్చింది. అంత పెద్ద పదవి వదిలిన మనిషి పార్టీని వదలలేదు, సొంత పార్టీ పెట్టలేదు. తిరిగి రాష్ట్రంలో పని చూసుకున్నారు. మన రాజకీయాల్లో అలాంటి మరో ఉదాహరణ వెతికితే దొరకడం కష్టం.

ఆయన చదువుకు నేను పెద్దపీట వేసేది మరో పని వల్ల. 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఆయన ఊరి సర్వే చేయించారు. అప్పటికి ఆయన జాతీయ పార్టీకి ప్రధాన కార్యదర్శి, అరవై దాటిన మనిషి. ఎవరికి ఎంత సొంత భూమి, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎవరు కూలి మీదే బతుకుతున్నారు అన్నది కుటుంబాలవారీగా తేల్చే పని అది. హరిత విప్లవం వచ్చిన డెల్టాలో రైతు అన్న ఒక్క పేరు కింద ఎన్ని రకాల మనుషులున్నారో తేలితే తప్ప రైతు సంఘం ఏం చేయాలో తేలదని ఆయన నమ్మకం. ఆ ఫలితాలు 1977లో ‘సోషల్ సైంటిస్ట్’ పత్రికలో అచ్చయ్యాయి. మూడు దశాబ్దాల తరువాత వ్యవసాయ అధ్యయనాలు చేసే పరిశోధకులు అదే అనంతవరానికి వెళ్లి మళ్లీ సర్వే చేశారు. ఒక తెలుగు పల్లెలో 30 ఏళ్లలో భూమి ఎలా చేతులు మారిందో పోల్చి చూసే వీలు దొరికింది. ముందు ఒకరు రాసిపెట్టి ఉండబట్టే కదా ఆ వీలు.

1985 మే 19న మద్రాసులో ఆయన కన్నుమూశారు. మూడేళ్లకు ఈ కేంద్రం తలుపులు తెరిచింది.

పాతికేళ్ల కార్యక్రమాల పట్టిక జోలికి నేను పోను. ఈ భవనంలో రెండు హాళ్ల పేర్లు మాత్రం చెప్పాలి. ఒకటి దొడ్డి కొమరయ్య హాలు. 1946 జులై 4న కడివెండిలో భూస్వామి అయిన దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలైన గొర్రెలకాపరి ఆయన. రెండోది షోయబ్ హాలు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడిగా నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో వాళ్ల చేతిలో హత్యకు గురైన షోయబుల్లాఖాన్ పేరు అది. ఒకరికి చదువు లేదు, మరొకరు చదువునే ఆయుధంగా పట్టారు. పుస్తకావిష్కరణకు వచ్చే కవి, జీతాల కోసం సభ పెట్టుకునే అంగన్‌వాడీ కార్యకర్త, చర్చాగోష్ఠికి వచ్చే ప్రొఫెసరు, అందరూ ఆ పేర్ల కింద కూర్చుంటారు.

షోయబుల్లాఖాన్ పేరున్న చోట ఉర్దూ పుస్తకాలు లేకపోతే లోటుగా ఉండేది. ఆ లోటు లేకుండా, హైదరాబాదులో ఒక సామాన్య గ్రంథప్రేమికుడు జీవితమంతా కూడబెట్టిన అపురూపమైన ఉర్దూ పుస్తకాల, పత్రికల భాండారం ఈ కేంద్రానికి చేరింది. చికాగో విశ్వవిద్యాలయం ముందుండి, కొన్ని అమెరికా గ్రంథాలయాల సాయంతో దాన్ని కొని, విదేశానికి తరలించకుండా ఇక్కడే ఉంచింది. పాత ముద్రణలను మైక్రోఫిల్ముగా తీసే పనీ ఆ సహకారంతోనే సాగింది. తెలుగు కమ్యూనిస్టు నాయకుడి పేరు మీద వెలసిన గ్రంథాలయం దక్కన్ ఉర్దూ వారసత్వానికి ఇల్లు కావడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం. హైదరాబాదు నగరం తనను తాను ఇంతకంటే బాగా ఎక్కడ చూసుకుంటుంది?

2000 ఆగస్టులో వచ్చిన వరద ఈ కేంద్రాన్ని ముంచింది. ఆ వాన రోజులు నగరంలో ఎవరూ మరచిపోలేదు. నీళ్లు లోపలికి వచ్చి ఉర్దూ పుస్తకాలు వేల సంఖ్యలో తడిసిపోయాయి. తడిసిన పాత కాగితం వారం తిరగకుండా బూజు పడుతుంది, పుటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీయబోతే చినుగుతాయి. ఒక్కొక్క పుస్తకాన్ని పైకి తెచ్చి, పుట పుటా ఆరబెట్టి, దక్కినన్ని దక్కించుకున్నారు. దక్కనివి ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మరో ప్రతి ఎక్కడైనా ఉందో లేదో కూడా తెలియదు. ఆ రోజుల్లో బురదనీళ్లలో నిలబడి పనిచేసిన ఉద్యోగుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. కేంద్రం చరిత్ర చెప్పేటప్పుడు వాళ్లకు ఒక నమస్కారం పెట్టకపోతే మనకు మర్యాద కాదు.

సభల సందడితో పోలిస్తే గ్రంథాలయం మీద మన చూపు పలచబడిందని చెప్పక తప్పదు. హాలు దొరకాలంటే వారాల ముందు అడగాలి, చదివే గదిలో కుర్చీ మాత్రం అడిగినప్పుడే దొరుకుతుంది. పాత పత్రికల జాబితాలు ఇంట్లో కూర్చుని చూసుకునేలా కంప్యూటరులోకి ఎక్కించాలి. మైక్రోఫిల్ములు చదివే యంత్రాలు పాతబడుతున్న కొద్దీ వాటిని డిజిటల్ రూపంలోకి మార్చే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. జిల్లాల నుంచి వచ్చే పరిశోధక విద్యార్థులు నాలుగు రోజులు ఉండి చదువుకునే ఏర్పాటు చేయాలి. ఇకపై ఈ కేంద్రం చేసే ఖర్చులో మొదటి రూపాయి పుస్తకాలకు వెళ్లాలని నా అభ్యర్థన.

మరో అభ్యర్థన పాఠకులకు. నల్గొండలో, వరంగల్‌లో, కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో పాత కార్యకర్తల ఇళ్లలో రైతు సంఘం సభ్యత్వ రసీదు పుస్తకాలు, చేతిరాత పత్రికలు, జైలు నుంచి రాసిన ఉత్తరాలు, నిషేధం రోజుల కరపత్రాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. పెద్దాయన పోయాక, ఇల్లు కొత్తగా కట్టుకునేటప్పుడు వాటిని పాతకాగితాల కింద తూకానికి వేస్తున్నారు. దయచేసి అలా వేయకండి. అవి ఏ పార్టీవైనా, ఏ భాషలో ఉన్నా, సగం చెదలు తిన్నా, ఒక సంచిలో పెట్టి బాగ్‌లింగంపల్లికి తీసుకురండి. ఎవరి ఇంటివి, ఏ ఊరివి, ఎవరి చేతిరాత అన్నది వెంట ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.