కలగూరగంప కథ

"ఇదేం పుస్తకమమ్మా, కలగూరగంపలా ఉంది!" అన్నారంటే అది మెచ్చుకోలు కాదని మనందరికీ తెలుసు. కథ, పద్యం, వంట, వేదాంతం ఒకచోట చేరితే చాలు, ఆ పేరు పెట్టేస్తాం. పాపం, గంపనిండా రకరకాల కూరలు మోసుకొచ్చిన మనిషి చేసిన తప్పేమిటో!

ఇంగ్లీషువాళ్లు ఇలాంటి పుస్తకాన్ని మిసెలనీ అంటారు. వినడానికి దర్జాగానే ఉంటుంది గానీ దాని పుట్టిల్లూ వంటిల్లే. లాటిన్‌లో 'మిస్కేరే' అంటే కలపడం. దానికి చుట్టమైన 'మిసెల్లానియా' అన్న మాటను జువెనల్ అనే రోమన్ కవి, గ్లాడియేటర్ల బడిలో పెట్టే నాసిరకం కలగాపులగం తిండికి వాడాడు. ఉన్నదంతా విందులకే తగలేసినవాడు చివరికి ఆ తిండికి దిగుతాడని ఎత్తిపొడుపు. పదమూడు శతాబ్దాలు దాటాక, 1489లో, ఫ్లోరెన్స్ పండితుడు పోలిజియానో తన వ్యాసాల పుస్తకానికి ఆ పేరే పెట్టుకున్నాడు. మాటకు మర్యాద వచ్చింది.

మన కలగూరగంపకు మాత్రం ఆ మర్యాద ఇంకా దక్కలేదు. నిజానికి మనకు అలాంటి గంపలు కొత్తా? శాతవాహన రాజు హాలుడి పేరుమీద ఉన్న 'గాథాసప్తశతి' ఏడువందల ప్రాకృత గాథల గంప. అందులో 'అత్త', 'పొట్ట' లాంటి మన మాటలున్నాయని పండితులు చూపించారు. అత్తగారు అక్కడా ముందే చేరిపోయారన్నమాట!

అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. నేనుండే హైటెక్ సిటీకి గోలకొండ ఎంతో దూరం కాదు. ఆ కోట పేరుతోనే 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగుకు కచేరీలోనూ చోటు లేదు, కాలేజీలోనూ ఉర్దూదే పెత్తనం. పైగా తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చింది. రెడ్డిగారు వాదనతో సరిపెట్టలేదు. ఊళ్లనుంచి పద్యాలు రప్పించారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది.

ఏరి కోరి పదిమందితో వేసుంటే ఇంకా అందమైన పుస్తకం అయ్యేదేమో. కానీ "లేరు" అన్నవాళ్లకి "ఇదిగో, ఉన్నాం" అని చెప్పడానికి నాలుగు ముత్యాలు చాలవు, గంప కావాలి. ఏరినప్పుడు గొప్పవాళ్లు మిగులుతారు. పోగుచేసినప్పుడు అందరూ మిగులుతారు.

మన బీరువాల్లో బట్టల అడుగున ఒక పాత నోటుబుక్కు ఉంటుంది చూడండి. ఓ పేజీలో మంగళహారతి, తర్వాతి పేజీలో ఆవకాయ కొలతలు, అంచున ఎవరో చెప్పిన సామెత. అది మిసెలనీ కాక మరేమిటి? పాత కాగితాల వాడికి వేసెయ్యకండి. వీలైతే ఒక్క పని చెయ్యండి, పాట పక్కన ఆ పాట నేర్పిన అమ్మమ్మ పేరు కూడా రాసిపెట్టండి. అలాంటావిడ లేనే లేదని రేపెవరూ అనకూడదు కదా!