గంప ఊరికే ఎత్తకు

మా అమ్మమ్మకి చదువు లేదు. కోళ్ళ విషయంలో ఆవిడ అనే మాట ఒకటుండేది. అది ఎంత బిగువుగా ఉండేదంటే, దానికి టీకా రాయాలని నాకు చాన్నాళ్ళుగా కోరిక. సత్తెనపల్లి దగ్గరి పల్లెలో, దీపావళి మతాబుల పొగ ఆరకముందే, మా అమ్మకో పిన్నికో చెప్పేది:

"కార్తీకం వెళ్ళాక, ముదురు పెట్టని చూసి, బేసి గుడ్లేసి, చీకటి మూల పొదగెయ్యి. మూడు వారాలూ గంప ఊరికే ఎత్తకు."

ఇప్పుడు హైదరాబాదు శివారులో మా పెరట్లో ఐదు నాటు పెట్టలు, రెండు గ్రామప్రియలు, ఒక పుంజు తిరుగుతున్నాయి. పోయిన చలికాలం ఒక పెట్టని పొదగేశాను. అమ్మమ్మ మాటలో ఏ పదం ఎందుకుందో అప్పుడు ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది. కొన్ని నష్టపోయాక తెలిసొచ్చాయి.

కార్తీకం వెళ్ళాక: చలికాలం వస్తే కోళ్ళు గుడ్లు మానేస్తాయని ఇంగ్లీషు పుస్తకాలు చదివి మనవాళ్ళూ అంటుంటారు. అక్కడ అది నిజమే. గుడ్డు పెట్టే వేళైందన్న కబురు కోడికి వెలుతురు మోసుకొస్తుంది. కంట్లోంచే కాదు, పుర్రె దాటి నేరుగా మెదడుకి సోకే వెలుతురు కూడా. రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురుంటే పెట్ట నిండుగా గుడ్లు పెడుతుంది. లండన్‌లో డిసెంబరు చివర పగలు 8 గంటలైనా ఉండదు, అక్కడి కోడి మానెయ్యక ఏం చేస్తుంది? హైదరాబాదులో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. మన పెట్టలు ఈ రోజుల్లో వెనకాడటానికి ఈకలు రాల్చడం కూడా ఒక కారణం. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే. ఒళ్ళంతా కొత్త ఈక తొడుక్కుంటున్న కోడి దగ్గర గుడ్డుకి మిగిలేది ఏముంటుంది? ఆ సమయంలో గూట్లో రాత్రంతా బల్బు వెలిగించి గుడ్లు రాబట్టుకోవాలనుకోవడం నాకు నచ్చదు. గుప్పెడు వేరుశనగ చెక్క ఎక్కువ వేసి ఊరుకుంటాను.

అయితే అమ్మమ్మ చూసుకున్నది కోడి గుడ్డు పెట్టే లెక్క కాదు, పెట్టిన గుడ్డు ఆగే లెక్క. నాటు పెట్ట ఒక విడతలో పది నుంచి పదిహేను గుడ్లు పెడుతుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు, అంతా కలిపి యాభై అరవై గుడ్లు. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందుకే ఇవాళ పొద్దున్నే పెట్టిన పెట్ట రేపు కాస్త ఆలస్యంగా, ఎల్లుండి ఇంకా ఆలస్యంగా పెట్టి, సాయంత్రం దాకా వచ్చాక ఒక రోజు ఎగ్గొడుతుంది. అంటే పదకొండు గుడ్లు పోగవడానికి సుమారు రెండు వారాలు కావాలి. మొదటి గుడ్డు చివరి గుడ్డు కోసం ఎదురు చూడాలి. కిటుకంతా ఆ ఎదురు చూపులో ఉంది.

పుంజు కలిసిన పెట్ట గుడ్డులో పిండం, గుడ్డు బయటపడేసరికే, కడుపులో ఒక రోజు పెరిగి ఉంటుంది. బయటికొచ్చాక చల్లబడితే ఆ పెరుగుదల ఆగిపోతుంది. సుమారు 21 డిగ్రీల కంటే చల్లగా ఉన్నంతసేపు నిద్రపోతూ ఉంటుంది. వైశాఖంలో మన ఇళ్ళలో రాత్రిపూట కూడా 30 డిగ్రీలు. గుడ్డు అటు నిద్రా పోదు, ఇటు సరిగ్గా లేవనూ లేవదు. అరకొరగా పెరగడం మొదలుపెట్టి, పెట్ట పొదుగుకి కూర్చునేలోపే లోపల చచ్చిపోతుంది. ఎండాకాలం పొదగేసిన గుడ్లు సగం మురిగాయంటే దిష్టి తగిలిందనో, దాటరానిదేదో దాటారనో అనేవారు. దిష్టి కాదు, వేడి. మార్గశిరం చలికి గుడ్డు చెడకుండా ఆగుతుంది. అమ్మమ్మ గుడ్లని నీళ్ళ కుండ కింది ఇసుకలో, లావు వైపు పైకి ఉండేలా గుచ్చేది. కారిన నీళ్ళతో ఆ ఇసుక ఎప్పుడూ చల్లగా ఉండేది. ఫ్రిజ్ కన్నా అదే మేలు. ఫ్రిజ్‌లోని నాలుగైదు డిగ్రీల చలి పిండానికి మరీ ఎక్కువ.

కార్తీకం అనే పదంలో ఇంకో సంగతి ఉంది. ఆ నెల చాలా ఇళ్ళలో గుడ్డు తినరు. తినని గుడ్లు ఇంట్లో పోగుపడతాయి. పండగలకీ నోములకీ మధ్య పొదుగు కోడికి దక్కాల్సిన వాటా అలా తనంతట తానే పక్కకి చేరుతుంది. కోస్తాలో తుపాను ముసురు కూడా ఈ నెల దాటాకే కాస్త వెనక్కి తగ్గుతుంది. మార్గశిరంలో లేచిన పిల్లలు ఉగాది నాటికి మూడు నెలల వయసుకొస్తాయి, రోళ్ళు పగిలే ఎండలు వచ్చేసరికి తట్టుకునేంత అవుతాయి. ఆ పిల్లల్లో పెట్టలు పెరిగేది పగలు పెరిగే కాలంలో కాబట్టి, తొలకరి నాటికో ఆ వెంటనేనో మొదటి గుడ్డు పెట్టేస్తాయి.

ముదురు పెట్ట: కనీసం ఒకసారి పిల్లల్ని లేపిన పెట్ట అని అర్థం. మొదటి విడత గుడ్లు పెడుతున్నది పనికిరాదు. దాని గుడ్లూ చిన్నవి, బుద్ధీ నిలకడగా ఉండదు. పదో రోజున లేచి పోయిందంటే గుడ్లన్నీ నాశనం. పొదుగుకొచ్చిన పెట్టని పోల్చుకోవడం కష్టం కాదు. గుడ్లు తీసేసినా ఖాళీ గూట్లోనే కూర్చుంటుంది, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి పొడుస్తుంది, నడిచేటప్పుడు గొంతులో ఒకటే కొరకొర. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఒంట్లో పెరగడం వల్ల ఈ మార్పు. కడుపు కింద ఈకలు ఊడి, వేడి చర్మం నేరుగా గుడ్లకి తగులుతుంది. ఇదే పెట్ట ఎండాకాలంలో పొదుగుకొస్తే దాన్ని నీళ్ళలో ముంచేవాళ్ళు, ముక్కులో ఈక దూర్చి విడిపించేవాళ్ళు. చలికాలంలో మాత్రం అదే పెట్టకి రాజమర్యాద.

మా గ్రామప్రియలు ఈ పదం పరిధిలోకి రావు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన జాతులు వనరాజా, గ్రామప్రియ. గ్రామప్రియ నాటు పెట్టకి రెండు మూడింతలు గుడ్లు పెడుతుంది, పొదగదు. గుడ్ల కోసం ఏరుకుంటూ పోయినకొద్దీ పొదిగే గుణం రక్తంలోంచి జారిపోయింది. గుడ్డు పెట్టి, కెక్కెక్కే అని వాడంతా చాటి, మరుక్షణం పేడకుప్ప మీద పురుగులేరుకుంటూ ఉంటుంది. దాని గుడ్లని కూడా నాటు పెట్ట కింద పెట్టాల్సిందే. మన అసీల్ జాతి దీనికి సరిగ్గా తలకిందులు. గుడ్లు తక్కువ, కూర్చుందంటే మాత్రం బండరాయే.

బేసి గుడ్లు: తొమ్మిదో, పదకొండో, పదమూడో. బేసి ఎందుకంటే "శుభం" అనేది అమ్మమ్మ. మధ్యలో ఒకటి పెట్టి చుట్టూ పేరిస్తే చక్కగా అమరుతుందని ఒక మేనమామ వాదించేవాడు. నేనైతే నమ్మను. పెట్ట రోజూ ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లు దొర్లించి, అంచుల్లో ఉన్నవాటిని మధ్యకి, మధ్యవాటిని అంచుకి జరుపుతుంది. మన పేర్పు గంటసేపైనా నిలవదు. ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. ఎండాకాలం పదమూడు కప్పే పెట్ట చలికి పదకొండే కప్పగలదు. రెక్క అంచు దాటిన గుడ్డు తెల్లవారుజామున మంచుకి చల్లబడుతుంది. ఆదిలాబాద్ వైపో, చింతపల్లి ఏజెన్సీలోనో అయితే తొమ్మిదితో ఆపెయ్యాలి.

పెట్టేముందు ఒక్కో గుడ్డు మీద బొగ్గుతో తేదీ రాయాలి. కడగకూడదు. గుడ్డు పెంకు మీద కంటికి కనపడని పూత ఉంటుంది, కడిగితే అది పోయి లోపలికి మురికి దారి పడుతుంది. వారం లోపువైతే మేలు, పది రోజులు దాటితే పిల్ల లేచే ఆశ రోజురోజుకీ తగ్గుతుంది. ఈ చివరి మాట నాకు తెలుసు. తెలిసి కూడా పదిహేను రోజుల గుడ్లు రెండు పెట్టాను, పదకొండు చెయ్యాలన్న పట్టుదలతో.

చీకటి మూల: ఈదురుగాలి తగలని, మనుషులు తిరగని చోటు. గంప అడుగున ఇసుక, దాని మీద పిడికెడు బూడిద, పైన వరిగడ్డి. బూడిద కోడిపేలకి మందు. గడ్డిలో ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క, రెండు ఎండు మిరపకాయలు కూడా ఉండేవి, ఉరుముకి గుడ్లు చెడకుండా. మార్గశిరంలో ఉరుములు అరుదు కనక ఆ మేకు పనితనం పరీక్షకి నిలిచిన దాఖలా లేదు. నేనూ వేశాను, ఎందుకైనా మంచిదని. తెలంగాణ చలి పొడి చలి. గుడ్డు లోపలి తేమ పెంకు రంధ్రాల్లోంచి కొంచెం కొంచెంగా పోతూ ఉండాలి, పద్దెనిమిది రోజుల్లో బరువులో నూటికి పన్నెండు పదమూడు వంతుల దాకా. అంతకు మించి పోతే పిల్ల పొరకి అతుక్కుపోతుంది. అందుకే గంప పక్కన తడి గోనెపట్టా వేసి ఉంచాను.

పొదగెయ్యి: భాషలో ఉన్న అందం ఇది. నగలో రాయి పొదుగుతాం, కోడి గుడ్డు పొదుగుతుంది. "పొదగడం" పెట్ట పని, "పొదగెయ్యడం" మనిషి పని. పొద్దు గూకాక చీకట్లో పెట్టని తెచ్చి గుడ్ల మీద దించాలి. పగలు దించితే తిరిగి పాత గూటికే పోతుంది.

మూడు వారాలూ: ఇరవై ఒక్క రోజులు. బాతు గుడ్డైతే ఇరవై ఎనిమిది. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే, మధ్యలో నల్లటి చుక్క, దాన్నుంచి నలుదిక్కులా పాకిన ఎర్రని నరాలు, అచ్చం సాలీడు గూడు మధ్యలో కూర్చున్నట్టు కనపడుతుంది. మా గుడ్లలో తొమ్మిదింట్లో సాలీడు ఉంది. పాతవి రెండూ నిర్మలంగా, పచ్చగా వెలిగాయి. తీసెయ్యాల్సింది. తియ్యలేదు.

పద్దెనిమిది దాటాక గుడ్లు కదపకూడదు, అప్పటికి పిల్ల తల గాలిగది వైపు తిప్పుకుని ఉంటుంది. ఇరవయ్యో రోజు గంప దగ్గర చెవి పెడితే పెంకు లోపల్నించి కిచకిచ. పెట్ట కూడా దానికి బదులు పలుకుతుంది, పొదుగు మొదలైనప్పటి కొరకొర కాదు, ఇంకా మెత్తగా.

ఊరికే: వాక్యానికి ప్రాణం ఈ పదంలో ఉంది. గంప ఎత్తకు అనలేదు, ఊరికే ఎత్తకు అంది. రోజుకోసారి ఎత్తాలి. పెట్టని దించితే పావుగంటో ఇరవై నిమిషాలో మేస్తుంది, నీళ్ళు తాగుతుంది, దుమ్ములో పొర్లుతుంది, ఒక్కసారే భయంకరమైన కంపుతో పెద్ద రెట్ట వేస్తుంది. గుడ్ల మీద వెయ్యకుండా ఇరవై నాలుగు గంటలు బిగబట్టుకున్నది మరి. మార్గశిరం పొద్దున్న ఆరింటికి కాదు, ఎండ పెరట్లోకి దిగాక దించాలి. ఆలస్యమైతే అదే కంగారుగా పరిగెత్తుకొస్తుంది, మనం పిలవక్కర్లేదు.

ఎత్తకు: ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం ఒక గుడ్డుకి బీట పడి, అయిదు గంటలైనా పెద్దది కాలేదు. ముక్కు మీది తెల్లటి గట్టి మొన ఆ బీటలో కనపడుతూ ఆగిపోయింది. నేను గంప ఎత్తాను. గోటితో పెంకు వలిచాను. లోపలి పొర చిరిగిన చోట సన్నటి రక్తం గీత పాకింది. ఆ పొరలో రక్తనాళాలు ఇంకా పనిచేస్తున్నాయి, పచ్చసొన ఇంకా కడుపులోకి పూర్తిగా లాక్కోలేదు. పిల్ల ఆ రాత్రి దాటలేదు. మిగతావి ఎనిమిదీ ఎవరి సాయం లేకుండా తెల్లారేసరికి లేచాయి.

ఆ ఎనిమిదికీ మొదటి రోజు నేను నూకలు చల్లినా ముట్టలేదు. లాక్కున్న పచ్చసొన రెండు రోజులకి పైగా సరిపోతుంది, అందుకే ముందు లేచిన పిల్ల కోసం పెట్ట హడావిడి పడదు, వెనకవాటి కోసం కూర్చునే ఉంటుంది. తల్లి ఉంటే మొదటి వారం కావాల్సిన 35 డిగ్రీలు రెక్క కిందే దొరుకుతాయి. పిల్లలు లేచిన ఏడో రోజు కొక్కెర తెగులుకి లసోటా టీకా కంట్లో ఒక్కో చుక్క వేయించాను. చలికాలం లేచిన పిల్లలకి ఆ తెగులొస్తే రెండు రోజుల్లో గంప ఖాళీ అవుతుంది.

పొదగేసిన ఇరవై మూడో రోజు పెట్ట లేచింది. ఎనిమిది పిల్లలూ కాళ్ళ కింద పడుతూ లేస్తూ కరివేపాకు చెట్టు దాకా వెంట వెళ్ళాయి. గంపలో చితికిన పెంకుల మధ్య రెండు గుడ్లు మిగిలాయి, బొగ్గు తేదీలు చెరగకుండా, చల్లగా. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"ఎన్ని లేచాయిరా?"

"ఎనిమిదమ్మా."

"పదకొండు పెట్టావుగా. గంప ఎత్తావా?"

"ఎత్తాను."

"ఊరికేనా?"