చప్పుడు ఏ ఖాతాలోకి వస్తుంది?

దీపావళికి రీలు తుపాకీ చేతికొచ్చిన పిల్లవాడు ముందు ఎవడో ఒకడి చెవి వెతుక్కుంటాడు. మా మేనమామ కొడుక్కి నా ఎడమ చెవి దొరికింది. ఆ రోజు చీకటి పడేదాకా అది గుయ్యిమంటూనే ఉంది. తీరా చూస్తే రీలు మీది చుక్క మిరియం గింజంత కూడా ఉండదు. ఎర్ర భాస్వరం, పొటాషియం క్లోరేట్ కలిపి అద్దిన మందు అది. అమెరికాలో అయితే చుక్కకి సగటున పావు గ్రెయిన్, అంటే 16 మిల్లీగ్రాములు, దాటకూడదు. ఆ చిటికెడు మందు ఎంత మోత మోగించవచ్చో తేల్చే అధికారం ఎవరిదన్నది మాత్రం అక్కడ చాలాకాలం నలిగింది.

1966 దాకా వెళ్లాలి. ఆ ఏడాది సవరించిన చట్టం ప్రకారం, బొమ్మలో ప్రమాదకరమైన పదార్థం ఉంటే అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని నిషేధించవచ్చు. రంగులో విషముంటే సరే. అంచు కోసుకుపోతే? కరెంటు కొడితే? అవి ఎవరికీ పట్టలేదు. 1969 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టిన బొమ్మల భద్రత చట్టం ఆ వెలితిని పూడ్చింది. విద్యుత్తు, వేడి, యాంత్రికం అని మూడు రకాల ప్రమాదాలు చేర్చింది. యాంత్రిక ప్రమాదమంటే ఏమిటో తొమ్మిది అంశాలుగా రాశారు: విరిగి ముక్కలవడం, దూసుకెళ్లడం, మొనదేలి ఉండడం, గొంతులోకి జారడం, ఇలా. ఎంత వెతికినా ‘చప్పుడు’ అన్న మాట కనబడదు. తొమ్మిదోది మాత్రం గోనెసంచి లాంటిది: ‘తయారీలోగానీ రూపకల్పనలోగానీ మరే ఇతర అంశం వల్లనైనా’ అని. ఏది వేసినా పడుతుంది. చప్పుడుకి దారి దొరికింది అక్కడే. కర్ణభేరికి దెబ్బ తగిలించే మోత కూడా కాగితం మీద గొలుసులూ పళ్లచక్రాల సరసన యాంత్రిక ప్రమాదమైపోయింది.

హద్దు ఎంతని పెట్టారు? ప్రతిధ్వని లేని గదిలో, 25 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే 138 డెసిబెల్స్. అంతకు చేరితే నిషేధం. ఇంతవరకు బాగానే ఉంది. వెంటనే మినహాయింపు వచ్చింది: 158 దాకా పోయినా ఫరవాలేదు, మూడు నెలలకోసారి ‘చప్పుడు తగ్గించే ప్రయత్నంలో ఉన్నాం’ అని నివేదిక పంపి, డబ్బా మీద ఒక హెచ్చరిక అచ్చేస్తే చాలు. ఇరవయ్యే కదా తేడా అనుకోకండి. డెసిబెల్ లెక్కలో ఇరవై పెరిగితే ఒత్తిడి పదింతలు, శక్తి వందింతలు.

ఆ హెచ్చరిక సారాంశం ఇది: చెవికి అడుగులోపు పేల్చవద్దు, ఇంట్లో వాడవద్దు. అచ్చేయాల్సింది డబ్బా మీద, తుపాకీ మీద కాదు. డబ్బా విప్పిన నిమిషంలో అది చెత్తబుట్టలో ఉంటుంది, తుపాకీ పిల్లవాడి చేతిలో ఉంటుంది. వాడికి చదువు వచ్చిందో లేదో వేరే సంగతి. మనవాళ్లను ఆక్షేపించకుండా ఎలా ఉంటాం: ఇక్కడ టపాసుల మోతకు పెట్టిన హద్దుని 4 మీటర్ల దూరం నుంచి కొలుస్తారు. 4 మీటర్ల అవతల నిలబడి రీలు తుపాకీ పేల్చిన పిల్లవాణ్ని నేనింకా చూడలేదు.

1973లో కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ పని మొదలుపెట్టి ఎఫ్‌డీఏ నుంచి ఈ నిబంధనలను అందుకుంది. దానికి ముందే, 1972లో, శబ్ద నియంత్రణకంటూ విడిగా ఒక చట్టం వచ్చి ఆ పని పర్యావరణ సంస్థ చేతిలో పెట్టింది. 1980ల మొదట్లో అక్కడి శబ్ద విభాగానికి నిధులు ఆపేశారు. కమిషన్ చేతులూ అప్పుడే కట్టేశారు. 1981 సవరణ తర్వాత, పరిశ్రమ తనంతట తాను పెట్టుకున్న ప్రమాణం సరిపోతుందనీ, దాన్ని చాలామంది పాటిస్తారనీ తేలితే కమిషన్ సొంతంగా నిబంధన రాయడానికి వీల్లేదు. రుజువు చేసుకోవాల్సిన బరువంతా కమిషన్ మీదే.

2007లో సీసం రంగుల బొమ్మలు కుప్పలుగా వెనక్కి వచ్చాక, 2008 చట్టం ఈ కథని తిరగేసింది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసిన ఎఫ్963ని, అప్పటిదాకా ఇష్టముంటే పాటించేదాన్ని, తప్పనిసరి చేసింది. చప్పుడు అధ్యాయమూ అందులోనే ఉంది. గెలుపే. కాకపోతే కలం మాత్రం ప్రమాణం రాసే ఏఎస్‌టీఎం కమిటీ దగ్గరే ఉండిపోయింది. కమిటీ ప్రమాణాన్ని సవరించి పంపితే, భద్రత దీనివల్ల మెరుగవదని కమిషన్ 90 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే 180 రోజులకు అదే చట్టం. కమిటీలో బొమ్మల కంపెనీలవాళ్లూ కూర్చుంటారు, వినియోగదారుల తరఫువాళ్లూ కూర్చుంటారు.

ఆ అధ్యాయంలో మామూలు బొమ్మల ఎడతెగని చప్పుడుకి హద్దు 85 డెసిబెల్స్, కొలిచే దూరం 50 సెంటీమీటర్లు. రెండేళ్ల పాప చెయ్యి బారెడు చాచినా అంత ఉండదు. పైగా మోగే బొమ్మ దొరికితే పాప ముందు బుగ్గకి ఆనించుకుంటుంది. మిన్నెసోటా రాష్ట్రంలోని సైట్ అండ్ హియరింగ్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఏటా అంగట్లో బొమ్మలు కొని మోత కొలిచి జాబితా వేసేది. వాళ్లు రెండుసార్లు కొలిచేవారు: ఒకసారి బొమ్మకి ఆనించి, ఇంకోసారి 10 అంగుళాల దూరంలో. 10 అంగుళాలంటే తుపాకీ రీళ్లకి మొదట్లో పెట్టిన ఆ 25 సెంటీమీటర్లే.