ఎంబెడెడ్ ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్

మెమరీ కంట్రోలర్ అనగా ప్రాసెసర్‌కు, దాని ప్రధాన మెమరీకి మధ్య ఉండి, సమాచారాన్ని చదవడానికి లేదా వ్రాయడానికి వచ్చే అభ్యర్థనలను మెమరీ చిప్పు పాటించగల ఆదేశాలుగా మార్చే డిజిటల్ సర్క్యూట్. సెల్‌ఫోన్లు, కెమెరాలు, సెట్‌టాప్ బాక్సులు, వాహనాలలోని నియంత్రణ పరికరాలు మొదలైన ఎంబెడెడ్ వ్యవస్థలలో ఇది సాధారణంగా ప్రాసెసర్ ఉన్న చిప్పులోనే అంతర్భాగంగా ఉంటుంది. ఒక మెమరీ చిప్పు నుండి ఎంత పని రాబట్టవచ్చు అన్నది చాలావరకు కంట్రోలర్ ఆ అభ్యర్థనలను ఏ క్రమంలో పంపుతుంది అన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

చిప్పు లోపలి స్టాటిక్ ర్యామ్, ఫ్లాష్ మెమరీలతోనే పనిచేసే చిన్న మైక్రోకంట్రోలర్లకు ఇంత క్లిష్టమైన కంట్రోలర్ అవసరం ఉండదు. ఈ వ్యాసం డైనమిక్ ర్యామ్‌ను ఉపయోగించే ప్రాసెసర్లకు సంబంధించినది.

నేపథ్యం

ఒకే ట్రాన్సిస్టర్, ఒకే కెపాసిటర్‌తో ఒక బిట్‌ను నిల్వ చేసే డైనమిక్ ర్యామ్ కణాన్ని ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ రూపొందించాడు. దీనికి 1968లో పేటెంటు లభించింది. తరువాతి దశాబ్దాలలో ప్రాసెసర్ల వేగం పెరిగినంతగా మెమరీ వేగం పెరగలేదు. ఈ అంతరాన్ని 1995లో విలియం వుల్ఫ్, శాలీ మెకీ తమ పరిశోధనా పత్రంలో "మెమరీ గోడ"గా వర్ణించారు.

వ్యక్తిగత కంప్యూటర్లలో కంట్రోలర్ చాలాకాలం మదర్‌బోర్డుపై వేరే చిప్పులో ఉండేది. ఏఎండీ సంస్థ 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64 ప్రాసెసర్లతోను, ఇంటెల్ సంస్థ 2008లో నెహాలెం శ్రేణితోను దానిని ప్రాసెసర్‌లోనే చేర్చాయి. ఎంబెడెడ్ చిప్పులలో పరిస్థితి మరింత జటిలమైనది. ప్రాసెసర్‌తో పాటు వీడియో డీకోడర్, తెరను నడిపే విభాగం, కెమెరా, నెట్‌వర్కు విభాగం మొదలైనవన్నీ తరచుగా ఒకే మెమరీని పంచుకుంటాయి.

డైనమిక్ ర్యామ్ పనితీరు

డైనమిక్ ర్యామ్ చిప్పు కొన్ని బ్యాంకులుగా విభజింపబడి ఉంటుంది. డీడీఆర్3 చిప్పులో 8 బ్యాంకులుంటాయి. ప్రతి బ్యాంకులోను కణాలు అడ్డువరుసలు, నిలువు వరుసలుగా అమర్చబడి ఉంటాయి. ఒక కణాన్ని నేరుగా చదవడం సాధ్యం కాదు. ముందుగా అది ఉన్న అడ్డువరుసను మొత్తం బ్యాంకు అంచున ఉండే బఫర్‌లోకి తేవాలి. దీనిని అడ్డువరుసను తెరవడం అంటారు. తరువాత కావలసిన నిలువు వరుసను చదవవచ్చు. అదే బ్యాంకులో మరొక అడ్డువరుస కావలసివస్తే, తెరిచి ఉన్నదానిని ముందుగా మూసివేయాలి.

ఉదాహరణకు 11-11-11 కాలమానం గల డీడీఆర్3-1600 చిప్పులో తెరవడం, చదవడం, మూసివేయడం అనే దశలలో ఒక్కొక్కదానికి 13.75 నానోసెకన్లు పడుతుంది. కాబట్టి చదివిన సమాచారం వెలువడడం మొదలయ్యే సమయం ఇలా ఉంటుంది:

- కావలసిన అడ్డువరుస తెరిచే ఉంటే 13.75 నానోసెకన్లు
- బ్యాంకులో ఏ అడ్డువరుసా తెరిచి లేకపోతే 27.5 నానోసెకన్లు
- వేరొక అడ్డువరుస తెరిచి ఉంటే 41.25 నానోసెకన్లు

కణాలలోని విద్యుదావేశం క్రమంగా కారిపోతుంది. అందువలన సాధారణ ఉష్ణోగ్రతలో ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి అన్ని అడ్డువరుసలను తిరిగి నింపాలి. ఈ రిఫ్రెష్ ఆదేశాన్ని కంట్రోలర్ సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి పంపుతుంది. 4 గిగాబిట్ల డీడీఆర్3 చిప్పులో ఒక్కొక్క రిఫ్రెష్‌కు 260 నానోసెకన్లు పడుతుంది, అనగా మొత్తం కాలంలో సుమారు 3.3 శాతం. ఉష్ణోగ్రత 85 డిగ్రీల సెల్సియస్ దాటితే రిఫ్రెష్‌ను రెట్టింపు తరచుగా చేయాలి.

క్రమం యొక్క ప్రాధాన్యం

16 బిట్ల వెడల్పు గల పై చిప్పు గరిష్ఠంగా సెకనుకు 3.2 గిగాబైట్లు అందించగలదు. ఒక్కొక్క విడతలో 16 బైట్లు 5 నానోసెకన్లలో వస్తాయి. అయితే ఒకే బ్యాంకులో ఒక అడ్డువరుసను తెరిచిన తరువాత మరొకదానిని తెరవడానికి కనీసం 48.75 నానోసెకన్లు ఆగాలి. ప్రతి అభ్యర్థనా ఒకే బ్యాంకులో కొత్త అడ్డువరుసను కోరితే, ప్రతి 48.75 నానోసెకన్లకు 16 బైట్లే లభిస్తాయి. అనగా చిప్పు సామర్థ్యంలో పదోవంతు మాత్రమే వినియోగమవుతుంది. చిప్పును మార్చకుండానే మిగిలిన భాగాన్ని తిరిగి రాబట్టడం కంట్రోలర్ రూపకల్పనలోని ప్రధాన లక్ష్యం.

రూపకల్పనలోని ముఖ్యాంశాలు

అడ్రసుల కేటాయింపు: అడ్రసులోని ఏ బిట్లు బ్యాంకును, ఏ బిట్లు అడ్డువరుసను సూచించాలో కంట్రోలర్ నిర్ణయిస్తుంది. వరుసగా ఉన్న సమాచారాన్ని వేర్వేరు బ్యాంకులకు పంచితే, ఒక బ్యాంకు నుండి చదువుతుండగానే మరొక బ్యాంకులో అడ్డువరుసను తెరవవచ్చు. 1920 పిక్సెళ్ల వెడల్పు గల చిత్రంలో పిక్సెల్‌కు 4 బైట్లు చొప్పున ఒక గీతకు 7,680 బైట్లు అవసరం. మెమరీ అడ్డువరుసలో పట్టేది 2 కిలోబైట్లే అయితే, చిత్రాన్ని పైనుండి క్రిందికి చదివినపుడు ప్రతి గీతకూ కొత్త అడ్డువరుస కావలసివస్తుంది. అందుచేత వీడియో చిప్పులలో చిత్రాన్ని చిన్న పలకలుగా విభజించి నిల్వ చేసే పద్ధతి వాడుకలో ఉన్నది.

అభ్యర్థనల క్రమం: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మీడియా ప్రాసెసర్లపై జరిగిన కృషిలో భాగంగా స్కాట్ రిక్స్‌నర్, విలియం డాలీ మరి కొందరు 2000లో ప్రచురించిన పత్రం ఈ అంశంలో ప్రసిద్ధమైనది. దానిలో వివరించిన పద్ధతులలో ఒకటి, వెంటనే నెరవేర్చగల అభ్యర్థనలకు, ముఖ్యంగా తెరిచి ఉన్న అడ్డువరుసకు చెందినవాటికి, ముందు అవకాశమిస్తుంది. సమాన స్థితిలో ఉన్నవాటిలో ముందుగా వచ్చినదానిని ఎంచుకుంటుంది.

వ్రాతలను కూడబెట్టడం: వ్రాయడం నుండి చదవడానికి మారిన ప్రతిసారీ మెమరీ బస్సు కొంతసేపు ఖాళీగా ఉండిపోతుంది. అందువలన వ్రాయవలసినవాటిని బఫర్‌లో దాచి ఒకేసారి పంపుతారు. అయితే ఇంకా మెమరీకి చేరని అడ్రసును ఎవరైనా చదవగోరితే, కొత్త విలువను ఆ బఫర్ నుండే ఇవ్వాలి.

విద్యుత్తు ఆదా: అడ్డువరుసను తెరిచిన ప్రతిసారీ శక్తి ఖర్చవుతుంది. కాబట్టి మంచి క్రమం వేగంతో పాటు బ్యాటరీని కూడా కాపాడుతుంది. సెల్‌ఫోన్ల కొరకు రూపొందిన ఎల్‌పీడీడీఆర్ చిప్పులలో అవసరమైన భాగాన్ని మాత్రమే రిఫ్రెష్ చేసే సదుపాయం, ఉష్ణోగ్రతను బట్టి రిఫ్రెష్ వేగాన్ని మార్చుకునే సదుపాయం ఉంటాయి.

వేగం, నమ్మకం

సగటు వేగాన్ని పెంచే పద్ధతి అన్ని చోట్లా మేలు చేయదు. తెరిచి ఉన్న అడ్డువరుసకే ప్రాధాన్యమిస్తే, వేరొక అడ్డువరుసను కోరిన అభ్యర్థన చాలాసేపు వేచి ఉండవలసి రావచ్చు. తెరకు సమయానికి సమాచారం అందకపోతే బొమ్మ చెదురుతుంది. వాహనంలో బ్రేకులను నియంత్రించే ప్రోగ్రామ్‌కు ఆలస్యమైతే ప్రమాదానికి దారితీయవచ్చు. ఇటువంటి వ్యవస్థలలో సగటు కాలం కంటే, ఎట్టి పరిస్థితిలోను మించని గరిష్ఠ కాలం ముఖ్యం.

2007లో బెన్నీ ఆకెసన్, కీస్ గూసెన్స్, మార్కస్ రింగ్‌హోఫర్ ప్రతిపాదించిన ప్రెడేటర్ అనే కంట్రోలర్ ఈ అవసరం కొరకు రూపొందినది. ఇది ముందుగానే కూర్చిన ఆదేశాల సముదాయాలను వాడి, ప్రతి విభాగానికి కనీస వాటాను, గరిష్ఠ ఆలస్యాన్ని ముందే లెక్కించి హామీ ఇస్తుంది. దీనికి బదులుగా, అనుకూల సమయంలో దొరికే అదనపు వేగాన్ని కొంత వదులుకోవలసి ఉంటుంది.

భద్రత

ఒకే అడ్డువరుసను మాటిమాటికీ తెరచి మూస్తే, దాని ప్రక్క వరుసలలోని బిట్లు తారుమారు కావచ్చునని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ పరిశోధకులు 2014లో వెల్లడించారు. వారు పరీక్షించిన 129 మెమరీ మాడ్యూళ్లలో 110 ఈ లోపానికి గురయ్యాయి. దీనికి రోహ్యామర్ అని పేరు. ఇదే లోపంతో ఆండ్రాయిడ్ ఫోన్లను స్వాధీనం చేసుకోవచ్చునని 2016లో డ్రామర్ అనే దాడి ద్వారా నిరూపించారు. అడ్డువరుసను మూసినపుడు, స్వల్ప సంభావ్యతతో దాని ప్రక్క వరుసలను కూడా కంట్రోలర్ రిఫ్రెష్ చేయాలన్న పరిష్కారాన్ని 2014 నాటి పత్రమే సూచించింది. ఈ విధంగా, వేగం కొరకు రూపొందిన కంట్రోలర్‌పై సమాచార భద్రతా బాధ్యత కూడా చేరింది.

ఇవి కూడా చూడండి

- ర్యామ్
- క్యాష్ మెమరీ
- మైక్రోకంట్రోలర్
- ఎంబెడెడ్ వ్యవస్థ