బ్లోరెంజ్ నెత్తి నుంచి బొగ్గుబాయి అడుగుకు

గాలి అడ్డంగా కొడుతోంది. సౌత్ వేల్స్‌లో బ్లోరెంజ్ కొండ నెత్తిన, 561 మీటర్ల ఎత్తున, కంచుయుగం మనుషులు పేర్చిన రాళ్లగుట్ట పక్కన నిలబడ్డారు మీరు. ఉత్తరాన కాళ్ల కిందే అబర్‌గవెన్నీ పట్టణం, అస్క్ నది వంపులు, ఆవల షుగర్ లోఫ్ శిఖరం. వాలు అంచున పరుగెత్తిన పారాగ్లైడర్ ఒకరు గాలిలోకి లేచారు. ఇప్పుడు వెనక్కి తిరగండి. దక్షిణాన వేరే లోకం: గోధుమరంగు బీడు, తవ్వి వదిలేసిన గుంతలు, గడ్డి సరిగా పట్టని దిబ్బలు. ఈ బీడు ప్రకృతి చేసింది కాదు. కొండలో ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గరదగ్గరగా దొరికాయి. ఇనుము తీయడానికి కావలసినవి ఆ మూడే. అందుకే 18వ శతాబ్దం చివర మనుషులు ఈ కొండ మొత్తాన్నీ పనిలో పెట్టారు.

పడమటి వాలు దిగండి. నడుములోతు ఫెర్న్ పొదలు దాటాక ఒక చదును బాట తగులుతుంది. అది ఎక్కదు, దిగదు. కొండ ఎటు వంగితే అటే వంగుతూ సాగుతుంది. ఇనుప కార్ఖానా యజమానుల్లో ఒకరైన థామస్ హిల్ వేయించిన గుర్రపు ట్రామ్ మార్గం ఇది. వంగి చూస్తే గడ్డిలో రాతిదిమ్మెలు, వాటి మధ్యలో రంధ్రాలు. పట్టాలు బిగించిన మేకులు ఆ రంధ్రాల్లోనే దిగేవి. గుర్రం కాలికి తగలకూడదని అడ్డదుంగలు వేయకుండా, అటో వరస ఇటో వరస రాళ్లే పరిచారు. కుడివైపు సాగితే లాన్‌ఫోయిస్ట్ దగ్గర నేల ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. అక్కడ గుర్రాలను విప్పేసి, నిండు బండ్లను గొలుసుకు కట్టి వాలు మీద వదిలేవారు. దిగే బరువే ఖాళీ బండ్లను పైకి లాగేది. అడుగున కాలువ రేవు. అక్కడి నుంచి పడవల్లో ఇనుము న్యూపోర్ట్ ఓడరేవుకు వెళ్లేది.

అదే బాటలో వెనక్కి నడిస్తే గార్న్ దిరిస్. 1817లో మొదలైన ఇనుప కార్ఖానాలో ఇప్పుడు మిగిలినవి గోడల ఆనవాళ్లు, మనిషి ఎత్తు దాటిన చిట్టెం ముద్దలు. చెయ్యి ఆనించండి. ఒకచోట గరుకు, ఒకచోట గాజు నునుపు. దుక్క ఇనుమును ఇక్కడ మళ్లీ కరిగించి, పొడవాటి కడ్డీలతో కలియబెట్టి చేత ఇనుముగా మార్చేవారు. కలిపేది యంత్రం కాదు, మనిషి భుజం. నిప్పుల ముందు నిలబడి, లోహం ఎప్పుడు చిక్కబడుతోందో కంటితోనే కనిపెట్టేవాడు. ఆ నేర్పును పుస్తకంలో రాసిపెట్టడం కుదరదు.

కొంచెం పైకెక్కితే కీపర్స్ పాండ్. వేసవిలో జనం ఈతకు దిగే ఈ చెరువును తవ్వించింది కింద ఉన్న కార్ఖానాకు నీళ్లివ్వడానికే. చుట్టూ కనిపించే గండ్లలో కొన్నింటిని కోసిందీ నీళ్లే, కానీ వాన నీళ్లు కావు. పైన కట్ట కట్టి నిలిపిన నీటిని ఒక్కసారిగా వదిలితే మట్టి కొట్టుకుపోయి ఇనుపరాయి బయటపడేది.

చెరువు దాటితే సున్నపురాయి క్వారీల పక్కన పుల్ ది. ఇక్కడొక ఊరు ఉండేది. ఇళ్లు నివాసయోగ్యం కావని 1960లలో కూల్చేశారు. కొండ గర్భంలోంచి బ్లైనావన్ పట్టణానికి తవ్విన సొరంగం ఈ దాపునే బయటికొస్తుంది. పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్లు. బ్రిటన్‌లో గుర్రపు ట్రామ్‌ల కోసం తవ్విన సొరంగాల్లో ఇంతకన్నా పొడవైనది లేదు. సొరంగంలోకి దారి లేదు. కొండ మీదుగానే బ్లైనావన్‌లోకి దిగండి.

ఊళ్లో ఇనుప కార్ఖానా వాలుకు ఆనించి కట్టి ఉంది, పైనుంచి కొలిమి నోట్లోకి సరుకు పోయడానికి వీలుగా. 1789లో ఇక్కడ మూడు బ్లాస్ట్ ఫర్నేసులు వెలిగాయి. వాటికి గాలి ఊదింది ఆవిరి యంత్రం. పక్కనే రాతి బురుజు, 1839 నాటిది. అదొక పెద్ద తక్కెడ. ఒక పళ్లెం కింద తొట్టిని నీళ్లతో నింపితే అది బరువెక్కి దిగేది. రెండో పళ్లెంలో ఇనుము నింపిన బండి పైకి లేచేది. బురుజు ఎక్కిన ఇనుమే సొరంగం దాటి, మీరు నడిచొచ్చిన బాట పట్టేది. ఈ ఊళ్లోనే 1877-78లో పెర్సీ గిల్‌క్రిస్ట్ అనే రసాయనవేత్త, అతని బంధువు, లండన్ కోర్టు గుమస్తా సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ కలిసి, ఇనుములోని భాస్వరాన్ని తొలగించే పద్ధతిని పరీక్షించారు. అప్పటిదాకా ఉక్కుకు పనికిరాని ఖనిజాలకు విలువ వచ్చింది. జర్మనీ ఉక్కు పరిశ్రమ ఎదుగుదలకు పునాది వేసిన పద్ధతుల్లో ఇదొకటి.

లోయకు అటువైపు, ఇనుప చట్రం మీద చక్రం తిరుగుతోంది. బిగ్ పిట్. 1980లో మూతపడి, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. సెల్‌ఫోను, బ్యాటరీ గడియారం, లైటరు అన్నీ పైనే వదిలేయాలి. నెత్తిన హెల్మెట్, దానికి బత్తి, నడుముకు బ్యాటరీ బరువు. కొత్తగూడెంలోనో గోదావరిఖనిలోనో బాయి దిగినవారి ఇంట పెరిగినవారికి ఈ తనిఖీ ఎందుకో చెప్పనక్కర్లేదు. కేజ్ 90 మీటర్లు దిగుతుంది. దారి చూపేవారు ఒకప్పుడు గనిలో పనిచేసినవారే. తల వంచి నడవండి. గుర్రపుశాలలో ఒక్కో గాటి మీదా ఒక్కో గుర్రం పేరు. గాలి తలుపు దగ్గర ఆగి, అందరినీ బత్తులు ఆర్పమంటారు. కళ్ల ముందు చెయ్యి పెట్టుకున్నా కనబడదు. పదేళ్లలోపు పిల్లలనూ, ఆడవాళ్లందరినీ భూగర్భ పనికి పెట్టకూడదని 1842లో చట్టం వచ్చేదాకా, బ్రిటన్ గనుల్లో చిన్నపిల్లలు ఇలాంటి చీకట్లోనే గంటల తరబడి కూర్చుని తలుపు తీసి మూసేవారు.

యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఒక కొలిమినో, ఒక బాయినో కాదు. బ్లైనావన్ పారిశ్రామిక భూభాగాన్ని మొత్తంగా. అది న్యాయమైన నిర్ణయం. బురుజు ఒక్కటే చూస్తే అది రాతి కట్టడం. చెరువు ఒక్కటే చూస్తే ఈత చోటు. కొండంతా నడిస్తేనే ఒకదాని పని ఇంకొకదానికి ఎలా అందిందో తెలుస్తుంది. ఆ పని చేసినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. వాళ్లు నడిచిన దారి మాత్రం ఉంది. అందుకే బ్లైనావన్‌కు వచ్చేవాళ్లు మ్యూజియం దగ్గర మొదలుపెట్టకండి. ముందు కొండెక్కండి.