సున్నా నుంచి పది దాకా

హైదరాబాద్. పొద్దున్న ఎనిమిదిన్నర. టోపీ, మాస్కు, థియేటర్ చెప్పులు వేసుకుని తలుపు తోయగానే ఏసీ చలి మోచేతుల దాకా పాకుతుంది. బల్ల మీద సిద్దిపేట వైపు నుంచి వచ్చిన అమ్మ పడుకుని ఉంది. యాభై దాటి ఉంటాయి. గాజులు తీసేసిన ముంజేతుల మీద ఎండ తగలని చారలు. అన్నం తిన్నాక కుడి డొక్కలో పొడిచే నొప్పితో వచ్చింది. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్లు.

"నొప్పెక్కువుంటదా మేడం?"

వాళ్ల అత్తకు ఇదే ఆపరేషన్‌కి పక్కటెముకల కింద జానెడు కోత పెట్టారట. దగ్గొస్తే దిండు అదుముకుని ఏడ్చేదట.

"ఉంటే చెప్పాలమ్మా. ఓర్చుకోవద్దు." మత్తు డాక్టరమ్మ ఆక్సిజన్ మాస్కు ఆనిస్తారు. పాలలాంటి మందు సెలైన్ గొట్టంలోకి జారుతుంది. కనురెప్పలు వాలిపోతాయి.

ఆ డాక్టరమ్మను చూస్తుంటే నాకు రూపాబాయి ఫర్దూన్‌జీ గుర్తొస్తారు. అప్పటి మత్తుమందు క్లోరోఫాం ఎందుకు ప్రాణం తీస్తోందో తేల్చడానికి 1888, 1889లలో ఈ ఊళ్లోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఖర్చు ఆరో నిజాంది. ఆ కమిషన్లను నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఆ రోజుల్లోనే ఇక్కడి రోగులకు క్లోరోఫాం ఇచ్చారు. మత్తులో ఉన్నవాళ్ల ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలని లారీ, గుండెనూ చూడాలని మిగతావాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇప్పుడు తెర మీద రెండూ పక్కపక్కనే పరుగెడుతున్నాయి: గుండె పచ్చగీతలో, వదిలే ఊపిరి దాని కింద అలల్లో.

సర్జన్ బొడ్డు దగ్గర చర్మంలోకి మొద్దుబార్చే బుపివకైన్ సూది వేస్తారు. కోత పెట్టబోయే నాలుగు చోట్లా అంతే. పారాసిటమాల్ డ్రిప్పు ఇప్పటికే ఎక్కుతోంది. నొప్పిని ఒక్క పెద్ద మందుతో కాక నాలుగు దారుల్లో అడ్డగిస్తే మార్ఫిన్ లాంటివి తక్కువలో సరిపోతాయి. లేచాక వాంతులు, మగత తగ్గుతాయి.

"గ్యాస్ ఆన్."

కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతుంది. ఒత్తిడి 12 దగ్గర నిలుస్తుంది. కడుపు బోర్లించిన కుండలా లేస్తుంది. లైట్లు తగ్గిస్తారు. బొడ్డు దగ్గరి 10 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి కెమెరా దిగుతుంది, తెర నిండా ఇటుకరంగు కాలేయం. దాని అంచు కింద, పొరలు చుట్టుకుని, నీలాకుపచ్చని పిత్తాశయపు తిత్తి.

ఇక్కడ తొందర పనికిరాదు. తిత్తిలోకి వెళ్లేవి రెండే కనిపించాలి: ఒక నాళం, ఒక రక్తనాళం. అవి అవేనని తేలేదాకా సర్జన్ కత్తెర అడగరు. పక్కనే ఉన్న పెద్ద పైత్యనాళం తెగితే ఆ మనిషి బతుకే తలకిందులు. తేలకపోతే పొట్ట కోసి చేయడం ఓటమి కాదు, బాధ్యత. 1990లో ముంబైలో టెహెంటన్ ఉద్వాడియా మన దేశంలో మొదటిసారి ఇలా చిన్న రంధ్రాల్లోంచి, కెమెరాతో చూస్తూ పిత్తాశయం తీశారు. నాటికీ నేటికీ పరికరాలు మారాయి గానీ ఈ జాగ్రత్త మారలేదు.

క్లిప్పు. క్లిప్పు. కత్తెర. తిత్తిని చిన్న సంచిలో వేసి బయటికి లాగుతారు. ట్రేలో రాళ్లు గలగలమంటాయి.

రికవరీ గదిలో సిస్టర్ వంగి అడుగుతుంది. "అమ్మా, నొప్పికి నంబర్ చెప్పు. సున్నా అంటే అస్సలు లేదు, పది అంటే తట్టుకోలేనంత."

"కాన్పులే ఓర్సుకున్న. గిదెంత బిడ్డా."

"కాన్పుల సంగతి కాదమ్మా, ఇప్పుడెంత?"

చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "కడుపుల గాదు... కుడి భుజం గుంజుతుంది. ఆరు."

నింపిన గ్యాస్ డయాఫ్రంను రేపుతుంది. దాని నరం మెడలోంచే దిగుతుంది కాబట్టి మెదడు ఆ నొప్పిని భుజానికి అంటగడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ ఒక్క మాట ముందు రోజే చెబితే, గుండెపోటేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోయే బాధ తప్పుతుంది.

సిస్టర్ చార్టులో 6 రాసి, ఇంజెక్షన్ తెస్తుంది.

సాయంత్రం నాలుగింటికి అమ్మ కాళ్లు కిందికి వేస్తుంది. కూతురి చెయ్యి పట్టుకుని తలుపు దాకా నడుస్తుంది. సిస్టర్ ఇంకా వరండాలో ఉండగానే, ఎవరూ అడక్కముందే కేకేస్తుంది:

"బిడ్డా, ఇప్పుడు రెండు."