గ్రేడు వేరు, స్టేజి వేరు

పోయినేడాది ఓ ఆదివారం ధర్మవరం నుంచి చిన్నాయన ఫోన్. "ఏమప్పా, రిపోర్టు వచ్చింది. గ్రేడ్ ఒకటి అని రాసినారు. అంటే ఫస్టు స్టేజే గదా?" అన్నాడు. అంతే చిన్నాయనా, భయం లేదు అన్నాన్నేను. హిందూపురంలో అమ్మకీ, పెనుకొండలో అత్తకీ అదే మాట చేరేసా. అత్త ఆంజనేయస్వామికి టెంకాయ కూడా కొట్టేసింది.

మూడో రోజు బెంగుళూరులో స్కాన్ చూసిన డాక్టరు గారు మెల్లగా చెప్పారు. చిన్నపేగులో పుట్టిన గడ్డ లివర్ దాకా పోయింది, స్టేజి నాలుగు అని.

ఒకే మనిషికి గ్రేడు ఒకటి, స్టేజి నాలుగు ఎట్లా? ఇది తెలుసుకోడానికి వందేళ్ళు వెనక్కి పోవాల్సొచ్చింది.

1907లో మ్యూనిక్ డాక్టర్ సీగ్‌ఫ్రీడ్ ఓబెర్న్‌డోర్ఫర్ చిన్నపేగులో కొన్ని వింత గడ్డలు చూశాడు. చూడ్డానికి క్యాన్సరే, కానీ మెల్లగా పెరుగుతున్నాయి. అందుకే 'క్యాన్సర్ లాంటిది' అనే అర్థం వచ్చేట్టు కార్సినాయిడ్ అని పేరు పెట్టాడు. ప్రమాదం లేనివే అనుకున్నాడు. 1929లో తన మాట తనే దిద్దుకున్నాడు, ఇవి వేరే అవయవాలకి పాకగలవని. తన కోడ్‌లో బగ్ తనే రిపోర్ట్ చేసుకున్నట్టు. 1933లో యూదు మూలాలున్నాయని నాజీలు ఉద్యోగం పీకేస్తే ఇస్తాంబుల్ వెళ్ళిపోయాడు. దిద్దుబాటు వచ్చినా ఆ మెత్తటి పేరు మాత్రం దశాబ్దాల పాటు నిలిచిపోయింది. ఇప్పుడు వీటిని న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు అంటున్నారు.

గ్రేడు సంగతి. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో ఓ యాంటీబాడీ కనిపెట్టారు. ఊరి పేరు కీల్, క్లోన్ నంబరు 67, అందుకే కీ-67. విభజన పనిలో ఉన్న కణాలు నూటికెన్నో ఇది చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క ప్రకారం 3 శాతం లోపు అయితే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, అది దాటితే గ్రేడ్ 3. స్టేజి అంటే గడ్డ ఎంత లోతుకి దిగింది, లింఫ్ గ్రంథులకి, దూరపు అవయవాలకి పాకిందా అని. మన భాషలో చెప్పాలంటే, వైరస్ ఎంత వేగంగా కాపీ అవుతోందో గ్రేడు, ఎన్ని సర్వర్లకి చేరిందో స్టేజి. రెండూ వేర్వేరు కాలమ్‌లు. మేము ఒకదాంట్లోది ఇంకోదాంట్లో చదివాం.

మరి మందు? 2009లో జర్మనీలో 85 మందిపై చేసిన ప్రోమిడ్ పరీక్షలో, ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో జబ్బు ముదరడానికి సగటున 14.3 నెలలు పట్టింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్ళలో 6 నెలలు. 2017లో వచ్చిన నెటర్-1 ఫలితాల్లో లుటీషియం-177 చికిత్స పొందినవాళ్ళలో 20 నెలలకి 65.2 శాతం మందికి జబ్బు ముదరలేదు, రెండో గుంపులో 10.8 శాతమే. అయితే 2021 తుది లెక్కలో ఆయుష్షు 48 నెలలు, 36.3 నెలలు అని తేలింది. ఆ తేడా గణాంకాల పరీక్షకి నిలబడలేదు. రెండో గుంపులో చాలామంది తర్వాత అదే చికిత్స తీసుకోవడం ఒక కారణం కావచ్చు.

చిన్నాయన ఇప్పుడు నాలుగు వారాలకోసారి ఇంజెక్షన్ కోసం ధర్మవరంలో రైలెక్కుతాడు. కిటికీలోంచి పెనుకొండ కోట కనిపిస్తుంది. 1565లో హంపి పోయాక తిరుమల రాయలు రాజ్యం నడిపింది ఇక్కణ్ణించే. స్టేజి నాలుగు అనగానే అంతా అయిపోయిందనుకునే నాకు ఆ కోట చూస్తే కొంచెం ధైర్యం.

నన్ను బాధపెట్టేది ఇంకోటి. నాలుగేళ్ళుగా ఆయనకి విరేచనాలు, ఉన్నట్టుండి మొహం ఎర్రబడ్డం. పేగు గడ్డ వదిలే హార్మోన్లని లివర్ విరగ్గొట్టేస్తుంది. గడ్డ లివర్‌కే చేరాక అవి నేరుగా రక్తంలో కలుస్తాయి, ఆ ఎరుపు దాని వల్లే. మగ్గం గుంతలో కూచున్న మనిషి మొహం ఎర్రబడితే, మేమంతా తాగొచ్చాడనుకున్నాం. జీవితంలో చుక్క ముట్టని మనిషి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటి రిపోర్టు వస్తే గ్రేడు, స్టేజి రెండూ విడివిడిగా అడగండి. టెంకాయ ఆ తర్వాత కొట్టొచ్చు.